గింజల జిగురు: సందేహాలు - సమాధానాలు

గోరుచిక్కుడు, చింత, మెంతి మన వంటింట్లో రోజూ ఉండేవే. మూడూ చిక్కుడు కుటుంబానివే. వీటి గింజల నుంచి తీసిన జిగురు ఐస్‌క్రీంలోకి, మందుబిళ్లల్లోకి, చివరికి కంటి చుక్కల్లోకి కూడా వెళ్తోందని తెలిసి పల్నాడు పాఠకులు చాలామంది కంగారుగా ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగిన సంగతులకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

మా ఊరి ఎండలు మీకు తెలిసినవే. వేసవంతా పిల్లలిద్దరూ ఐస్‌క్రీం అడుగుతూనే ఉంటారు. డబ్బా వెనక 412, 410 అని అంకెలు చూశాను. ఏవో రసాయనాలు తినిపించేస్తున్నానని రాత్రి నిద్ర పట్టలేదు. — ఒక తల్లి, రెంటచింతల

మీ పిల్లలకు మీరు ఏ అపకారమూ చేయలేదమ్మా, ముందు ఆ దిగులు వదిలేయండి. 412 అంటే గోరుచిక్కుడు గింజ జిగురు, దాన్నే గ్వార్ గమ్ అంటారు. 410 మధ్యధరా సముద్ర తీరంలో పెరిగే కారబ్ చెట్టు గింజ జిగురు. ఇవి నీటిని పట్టి ఉంచి, ఐస్‌క్రీంలో మంచు పలుకులు పెద్దవి కాకుండా చూస్తాయి. ఐస్‌క్రీంలో ఇవి సాధారణంగా అర శాతం కూడా ఉండవు. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి, అదీ చాలా అరుదు. డబ్బా మీద మీరు చూసుకోవాల్సింది చక్కెర ఎంత ఉందో.

మేం మాంసం ముట్టం. జిగురు అంటే ఎముకల నుంచి తీస్తారని మా తోడికోడలు చెప్పింది. ఇన్నాళ్లూ తెలియక తిన్నామా? — నరసరావుపేట

మీ నియమం చెడలేదు. ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది జెలటిన్, అది వేరు. 412, 410 రెండూ గింజల నుంచి వచ్చేవే. శాకాహార పదార్థానికి మన దేశంలో ఆకుపచ్చ చుక్క ముద్రిస్తారు, అది చూసి కొనుక్కోండి.

గోరుచిక్కుడు జిగురును అమెరికాలో చమురు బావుల్లోకి పంపుతారని పేపర్లో చదివాను. అదే పదార్థాన్ని తిండిలో కలుపుతున్నారంటే భయంగా ఉంది. — ఉపాధ్యాయుడు, పిడుగురాళ్ల

మీరు చదివింది నిజమే మాస్టారూ, అయినా భయం అక్కర్లేదు. రాతి పొరల్ని నీటి ఒత్తిడితో చీల్చి చమురు తీసేటప్పుడు, ఇసుక అడుక్కి దిగిపోకుండా తేలుతూ పగుళ్లలోకి చేరాలి. అందుకని ఆ నీటిని ఈ జిగురుతో చిక్కబరుస్తారు. 2012లో ఆ గిరాకీ వల్లే గ్వార్ ధర ఆకాశాన్నంటింది, ఆ మార్చిలో మన ప్రభుత్వం దాని ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) వ్యాపారాన్నే ఆపేయాల్సి వచ్చింది. గింజ ఒకటే అయినా తిండికి వాడే రకాన్ని విడిగా శుభ్రం చేసి, సూక్ష్మజీవులకూ భారలోహాలకూ పరీక్షలు చేసి అమ్ముతారు. బియ్యం పిండితో పోస్టర్లు అంటించినంత మాత్రాన అన్నం తినడం మానుకోం కదా.

గ్వార్ గమ్‌లో విషం దొరికిందని, విదేశాలు వెనక్కి పంపాయని ఎవరో చెప్పారు. నిజమేనా? — మాచర్ల

నిజంగానే ఒకసారి జరిగింది, దాన్ని దాచాల్సిన పని లేదు. 2007లో మన దేశం నుంచి వెళ్లిన కొన్ని సరుకుల్లో పెంటాక్లోరోఫినాల్ అనే రసాయనం, దానితోపాటు డయాక్సిన్లు ఐరోపాలో బయటపడ్డాయి. అది గింజలో పుట్టిన విషం కాదు, బయటి నుంచి చేరిన కల్తీ. ఆ తర్వాత 2008 నుంచి ఐరోపాకు వెళ్లే సరుకుకు పరీక్షా పత్రం తప్పనిసరి చేశారు. మీరు ఇంటికి కొనే పొడి సీలు వేసిన ప్యాకెట్లో, లైసెన్సు నంబరుతో, తయారీ తేదీతో ఉండేలా చూసుకోండి. సంతలో విడిగా తూచి అమ్మే పొడి మాత్రం వద్దు.

మలబద్ధకానికి డాక్టరుగారు గోరుచిక్కుడు పీచు పొడి రాశారు. నాలుగు రోజులుగా పొట్ట ఉబ్బరం, గ్యాసు. పేగుల్లో ఏమైనా అడ్డం పడిందేమోనని భయం. నా వయసు 68. — నరసరావుపేట

పెద్దాయనా, మొదటి వారం పది రోజులు ఇలా ఉండటం మామూలే. ఈ పీచును మన శరీరం అరిగించుకోలేదు, పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టుకుని తింటాయి, అలా పులిసేటప్పుడే గ్యాసు పుడుతుంది. డాక్టరుతో చెప్పి మోతాదు సగం చేసి, నెమ్మదిగా పెంచుకుంటూ రండి. మంచినీళ్లు మాత్రం తగ్గించకండి. కడుపు రాయిలా గట్టిపడి, వాంతులవుతూ, గాలి కూడా బయటికి పోకుండా ఉంటే అది మామూలు ఉబ్బరం కాదు. అప్పుడు పొడి ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు తగ్గడానికి ఫోన్లో చూసి గ్వార్ గమ్ బిళ్లలు తెప్పించుకున్నాను. నిన్న ఒకటి గొంతులో ఇరుక్కున్నట్టయింది, నీళ్లు తాగితే ఇంకా బిగిసింది. తర్వాత పోయింది గానీ వణుకు తగ్గలేదు. — సత్తెనపల్లి

అమ్మాయీ, గండం గడిచింది, ఇప్పుడు మీకు ఏమీ కాదు. కానీ ఆ సీసా ఇక తెరవకండి. ఈ జిగురు పొడిగా ఉన్నప్పుడు తడి తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కడుపులో ఉబ్బి ఆకలి తగ్గిస్తుందని చెప్పి అమ్మారు, ఆ ఉబ్బడం అన్నవాహికలోనే మొదలైతే దారి మూసుకుపోతుంది. ఇలాంటి కేసులు వచ్చాకే అమెరికా ప్రభుత్వం 1990 ప్రాంతంలో ఈ బరువు తగ్గించే బిళ్లల మీద చర్య తీసుకుంది. మళ్లీ ఎప్పుడైనా ఏదైనా ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే, ఛాతీలో నొప్పి వస్తే, నీళ్లు తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంకో మాట కూడా చెప్పాలి: మీ బరువు గురించి ఎవరేమన్నా, ఇలాంటి బిళ్ల దానికి మందు కాదు.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. నీళ్లు తాగితే దగ్గు వస్తోందని ఒక పొడి ఇచ్చి, నీళ్లలో కలిపి చిక్కగా చేసి పట్టమన్నారు. అది ఆయన గొంతులో అడ్డం పడుతుందేమోనని, మా చెల్లెలు వద్దంటోంది. — మాచర్ల

మీ చెల్లెలి భయంలో అర్థముంది. కానీ మీకు చెప్పిన పద్ధతి వేరు. పైన సత్తెనపల్లి అమ్మాయి మింగినలాంటి బిళ్ల పొడిగా లోపలికి వెళ్లి అక్కడ ఉబ్బుతుంది. మీరు ఇచ్చేది ముందే నీళ్లలో పూర్తిగా ఉబ్బిపోయింది, ఇక ఉబ్బడానికి ఏమీ మిగలదు. పక్షవాతంలో గొంతు కండరాలు మందగిస్తాయి, పల్చటి నీళ్లు వేగంగా జారి ఊపిరితిత్తుల వైపు పోతాయి. చిక్కటి నీళ్లు నిదానంగా జారతాయి కాబట్టి మింగడానికి వ్యవధి దొరుకుతుంది.

ఈ పొడుల్లో కొన్ని గోరుచిక్కుడు జిగురుతో, కొన్ని సూక్ష్మజీవులతో తయారుచేసే జాంథాన్ జిగురుతో వస్తాయి. నీళ్లను గిలక్కొడుతూ పొడి చల్లండి, కొన్ని నిమిషాలు ఆగండి, ఉండలు ఉంటే వడకట్టండి. స్పూను మీంచి ఎంత చిక్కగా జారాలో ఆసుపత్రిలో ఒకసారి మీ చేత కలిపించి చూపించమని అడగండి. నాన్నగారిని కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి పట్టండి. తాగిన తర్వాత గొంతు గురగురలాడినా, జ్వరం వచ్చినా, ఆయాసం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. చిక్కటి నీళ్లు ఎవరికీ రుచించవు. అందుకే అలాంటివాళ్లు తక్కువ తాగుతారు. మూత్రం ముదురు రంగులోకి మారితే ఇంకాస్త పట్టాలని గుర్తు.

షుగర్ బిళ్లలు వాడుతున్నాను. మెంతుల జిగురు షుగర్ తగ్గిస్తుందని రోజూ గ్లాసుడు నానబెట్టి తాగుతున్నాను. ఒకరోజు పదకొండు గంటలకు చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. మెంతులు విషమయ్యాయా? — గురజాల

విషం కాదండీ, రెండు మందులు కలిసి కాస్త ఎక్కువ పనిచేసి ఉండొచ్చు. మెంతిలోని జిగురు పీచు పేగులో చిక్కబడి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ బృందం దీన్ని పరీక్షించి 1986లో, 1990లో ఫలితాలు ప్రచురించింది. మెంతులు నిజంగా పనిచేస్తాయి కాబట్టే మోతాదు డాక్టరుకు తెలియాలి. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే గ్లూకోజు గానీ రెండు మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు గానీ తాగి, షుగర్ చూపించుకోండి. మనిషి మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. షుగర్ బిళ్లకూ ఈ పీచుకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో కూడా డాక్టరును అడగండి, జిగురు కొన్ని మందులు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది.

బాలింతను. పాలు పడతాయని అత్తగారు మెంతికూర, మెంతుల ఉండలు పెడుతున్నారు. నా చెమటా, పాప మూత్రమూ బెల్లం పాకంలా వాసన వస్తున్నాయి. పాపకు ఏమైనా జబ్బా? — వినుకొండ

తల్లీ, మెంతులు బాగా తిన్నవాళ్లకు ఆ వాసన రావడం మామూలే, పాలతో పాపకూ చేరుతుంది. నాలుగు రోజులు మెంతుల ఉండలు ఆపి చూడండి. వాసన పోతే దిగులు లేదు. అదే వాసనతో పాటు పాప పాలు తాగకుండా, మగతగా పడి ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులోనూ ఇదే వాసన ఉంటుంది, పిల్లల డాక్టరుకు మీరు మెంతులు తిన్న సంగతి తప్పక చెప్పండి. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు మాత్రం మెంతులు తాలింపులో వేసుకునేంతకే పరిమితం చేసుకోండి.

మా మనవడు ఏడో నెలలోనే పుట్టాడు. పాలు కక్కుతున్నాడు. పాలలో జిగురు పొడి కలిపితే నిలుస్తాయని దుకాణంలో చెప్పారు. — చిలకలూరిపేట

దయచేసి మీ అంతట మీరు కలపకండి అమ్మమ్మగారూ. పిల్లలు పాలు కాస్త కక్కడం మామూలు, బరువు పెరుగుతుంటే చింత లేదు. కారబ్ గింజ జిగురు కలిపిన పాలపొడులు ఉన్నాయి గానీ అవి డాక్టరు చెబితేనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల పేగులు లేతవి. జాంథాన్ జిగురుతో చేసిన ఒక చిక్కబరిచే పదార్థం విషయంలో, ఇలాంటి బిడ్డలకు పేగులు దెబ్బతినే ముప్పు ఉందని 2011లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. వాంతి పచ్చగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, విరేచనంలో రక్తం కనిపించినా గంటల్లో చూపించాలి.

కళ్లు మంటగా, ఇసుక పోసినట్టు ఉంటే చుక్కల మందు ఇచ్చారు. దానిలో చింతగింజ సారం ఉందని మా అబ్బాయి చదివి చెప్పాడు. చింతపండు కంట్లో పడితేనే మండుతుంది కదా, కన్ను పోదా? — 72 ఏళ్ల పాఠకురాలు, నరసరావుపేట

మండేది పండులోని పులుపమ్మా, గింజ జిగురులో ఆ పులుపు ఉండదు. మన కన్నీటిలో సహజంగా ఒక పల్చటి జిగురు ఉంటుంది, దానివల్లే తడి కంటిని పట్టుకుని ఉంటుంది. చింతగింజ జిగురు నిర్మాణం దానికి దగ్గరగా ఉంటుందని గుర్తించి, ఇటలీ పరిశోధకులు పొడి కళ్లకు చుక్కలుగా తయారుచేశారు. వేయగానే ఒక నిమిషం చూపు మసకగా ఉండటం మామూలే. నొప్పి పెరిగినా, కన్ను బాగా ఎర్రబడినా, పుసులు కట్టినా ఆపి డాక్టరుకు చూపించండి.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. చింతగింజ కంటికి మంచిదట అని ఇంట్లో గింజ అరగదీసి కంట్లో పెట్టకండి, ఎవరినీ పెట్టనివ్వకండి. మందు చుక్కలోది పూర్తిగా శుద్ధి చేసి, క్రిములు లేకుండా చేసిన జిగురు. సానరాయి మీద అరగదీసిన దానిలో పెంకు నలుసులు ఉంటాయి, క్రిములు ఉంటాయి. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు తిరిగి తేవడం కష్టం.

నాలుగేళ్ల పాప చింతగింజ మింగేసింది. కడుపులో ఉబ్బి పేగు పగులుతుందా? — కారంపూడి

ఆడుకుంటూ, అన్నం తింటూ మామూలుగా ఉంటే ఏమీ కాదు, రెండు మూడు రోజుల్లో విరేచనంలో వచ్చేస్తుంది. గట్టి పెంకు ఉన్నంతవరకు గింజలోకి నీరు త్వరగా దిగదు. నేను అడిగేది ఒకటే: మింగిన క్షణంలో పాప ఉక్కిరిబిక్కిరయిందా? గింజ ఊపిరి గొట్టంలోకి పోతే మొదట దగ్గు తెరలుగా వచ్చి, తర్వాత అంతా సర్దుకున్నట్టు కనిపిస్తుంది. కానీ ఒకవైపు పిల్లికూతలు, తగ్గని దగ్గు, పదేపదే జ్వరం మిగులుతాయి. వాటిలో ఏది ఉన్నా, గింజ సంగతి చెప్పి చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించండి.

మా అత్తగారు చిన్నప్పటి అలవాటుగా వేయించిన చింతగింజలు నములుతారు. కరువు కాలంలో ఇవే తిని బతికామంటారు. ఈ వయసులో మంచిదేనా? — దుర్గి

వేయించి, నల్ల పెంకు తీసి, నానబెట్టినవైతే గుప్పెడు తినడంలో తప్పు లేదు. పెంకులోని వగరు పదార్థాలే మలబద్ధకం, కడుపు నొప్పి తెస్తాయి. వేయిస్తే ఆ పెంకు పెళుసై రోట్లో రెండు పోట్లకు ఊడిపోతుంది. పళ్లు కదులుతుంటే మాత్రం నమలనివ్వకండి, పొడి చేసి జావలో కలిపి ఇవ్వండి.

కొండపల్లి బొమ్మను మా బాబు కొరికాడు. దానిలో చింతగింజల జిగురు ఉంటుందట. — సత్తెనపల్లి

జిగురు గురించి భయం లేదు. తెల్ల పొణికి చెక్కతో చేసిన భాగాల్ని అతికించి, తీర్చిదిద్దడానికి ఆ కళాకారులు చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కు వాడతారు. చింతగింజల అంబలి తెలుగు కళాకారులకు తరతరాలుగా తెలిసిన జిగురు, చేర్యాల నకాషీ పటాల గుడ్డకూ దాన్నే పూస్తారు. మీరు చూడాల్సింది రంగును, ఎనామిల్ రంగు పెచ్చులు పిల్లల నోట్లోకి వెళ్లకూడదు. బొమ్మను కొన్నాళ్లు అలమరలో పెట్టండి.

నూలుకు గంజి పెట్టే సైజింగ్ పనిలో ఉన్నాను. చింతగింజల పిండి బస్తాలు విప్పి కలుపుతాను. పనిలో ఉన్నంతసేపూ తుమ్ములు, రాత్రిళ్లు ఆయాసం. ఆదివారం తగ్గుతుంది. క్షయ అని అందరూ అంటుంటే ఇంట్లో పళ్లెం వేరు పెట్టారు. — చిలకలూరిపేట

తమ్ముడూ, మీరు రాసిన ఆ ఆదివారం మాట చాలా విలువైనది. సెలవు రోజు తగ్గి పని రోజు పెరిగే ఆయాసం ఎక్కువగా పని దుమ్ము వల్ల వచ్చే ఆస్తమా అయి ఉంటుంది, అది ఎవరికీ అంటుకోదు. చింతగింజల పిండి పీల్చిన మిల్లు కార్మికులకు ఇలా ఊపిరి పట్టేసిన సంగతి 1957లోనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. గోరుచిక్కుడు జిగురు దుమ్ముకూ ఇదే గుణం ఉంది. తినడానికి సాధువైన పిండే ఊపిరితిత్తుల్లో పడితే మరోలా ఉంటుంది.

క్షయ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, ఇంట్లోవాళ్ల అనుమానమూ తీరుతుంది. తర్వాత ఊపిరితిత్తుల డాక్టరుకు మీ పని గురించి వివరంగా చెప్పండి. ముక్కుకు రుమాలు చాలదు, సరైన మాస్కు కావాలి, పిండిని ఎత్తునుంచి కుమ్మరించకుండా నీళ్లలోకి నెమ్మదిగా జార్చాలి. వీలైతే ఆ పని నుంచి మార్చమని యజమానిని అడగండి. సంవత్సరాల తరబడి పీలిస్తే ఆయాసం పని మానేశాక కూడా మిగిలిపోవచ్చు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలం పడటం అత్యవసరం.

మా వైపు పిల్లలు తగిరిస గింజలు ఏరి అమ్ముతారు, జిగురు తీస్తారట. మా వాడు కొన్ని కాయలు తిన్నాడు. — బొల్లాపల్లి

తగిరిస గింజ నుంచి నిజంగానే కాసియా గమ్ అనే జిగురు తీస్తారు. రెండు మూడు తిని ఒక పూట విరేచనాలైతే భయపడకండి. కానీ తగిరిసనూ కసివిందనూ పిల్లలు పోల్చుకోలేరు. తగిరిస ఆకులు కొన గుండ్రంగా మూడు జతలు, కాయ సన్నగా పొడుగ్గా వంగి ఉంటుంది. కసివింద ఆకులు కొన సూదిగా, నలిపితే చెడు వాసన వస్తాయి. కసివింద గింజలు పిల్లల కాలేయాన్ని, కండరాల్ని, మెదడును దెబ్బతీస్తాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లల్ని బలిగొన్న అంతుపట్టని జబ్బుకు ఇదే మూలమని 2007 ప్రాంతంలో అక్కడి వైద్యులు తేల్చారు. వాంతులు, మగత, తిక్కగా మాట్లాడటం కనిపిస్తే ఆ కొమ్మ ఒకటి తుంచుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

తుమ్మ బంక, చెంచులు తెచ్చే తపసి బంక కూడా ఇవేనా? — మాచర్ల

కాదు. అవి చెట్టు కాండం నుంచి కారే బంకలు. మనం చెప్పుకుంటున్నవి గింజ లోపల, మొలక కోసం దాచి ఉంచిన జిగురులు. నీళ్లు బాగా తాగాలన్న జాగ్రత్త మాత్రం తపసి బంకకూ వర్తిస్తుంది.

ఐదో నెల. గోరుచిక్కుడు కూర తింటే బిడ్డకు జిగురు అంటుకుంటుందని వద్దంటున్నారు. — దాచేపల్లి

నిశ్చింతగా తినండి. లేత కాయలో గింజే ముదరదు, జిగురు నామమాత్రం. పైగా ఎంత తిన్నా అది పేగు దాటి బిడ్డ దగ్గరికి వెళ్లదు.

ఫార్మసీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు చింతగింజ జిగురు తీయాలి. మూడుసార్లూ గోధుమ రంగు ఉండలే వచ్చాయి. గడువు దగ్గర పడింది, ఫెయిలవుతానని భయంగా ఉంది. — నరసరావుపేట

మీరు ఫెయిల్ కారు. మీ ఉత్తరంలోనే రెండు కారణాలూ కనిపిస్తున్నాయి: రంగు పెంకు నుంచి వచ్చింది, ఉండలు వేడినీళ్లలో పొడి గుమ్మరించడం వల్ల వచ్చాయి. గింజల్ని ఇసుకలో దోరగా వేయించండి, మాడితే పప్పు కూడా రంగెక్కుతుంది. చల్లారాక దంచి చెరిగితే పెంకు పోతుంది. తర్వాత పప్పును గుడ్డ మీద పరిచి, ఎర్రటి పొర అంటుకున్న ముక్కల్ని చేత్తో ఏరేయండి. విసుగు పుట్టే పనే గానీ, మీ జిగురు తెల్లగా వస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఆ పప్పును మెత్తగా పొడి చేసి, 20 గ్రాముల పొడిని 200 మిల్లీలీటర్ల చన్నీళ్లలో జారుగా కలపండి. దాన్ని మరుగుతున్న 800 మిల్లీలీటర్ల నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ 20 నిమిషాలు కాచండి. రాత్రంతా కదపకుండా ఉంచితే మాంసకృత్తులు, పీచు అడుక్కి దిగుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 5,000 చుట్లతో 20 నిమిషాలు తిప్పి, పైతేటను దానికి రెట్టింపు ఆల్కహాలులో పోయండి. అప్పుడు తెల్లటి దారపు పోగుల్లా జిగురు విడిపోతుంది, దాన్ని ఆల్కహాలుతో కడిగి 50-60 డిగ్రీల వేడిలో ఆరబెట్టి జల్లించండి. ఆల్కహాలు దగ్గర మంట ఉండకూడదు.

వేడినీళ్లలో ఉండ ఎందుకు కట్టిందో ఆలోచించండి. పై పొర ముందు తడిసి జిగురు గోడ కడుతుంది, లోపలికి నీరు దిగదు. సత్తెనపల్లి అమ్మాయి గొంతులో బిళ్ల చేసిందీ ఇలాంటి పనే. మాత్రలో మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదల కావడానికి ఈ జిగురును వాడేదీ ఈ గుణం చూసే. వైవాలో ఈ ప్రశ్న వస్తే మీ ఉండలనే ఉదాహరణగా చెప్పండి.

గేదెకు గోరుచిక్కుడు దాణా, కోర్మా అంటారు, పెడుతున్నాం. జిగురు తీసేసిన చెత్త కదా, పాలు పాడవుతాయా? — కారంపూడి

చెత్త కాదండీ. గింజలో జిగురు ఉండేది నడిమి పొరలో. గింజను వేడిచేసి బద్దలు చేశాక విడిపోయే మొలక భాగంలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, అదే కోర్మా. వేయించిన రకం కొని, మామూలు దాణాలో కొద్దిగా మొదలుపెట్టి పెంచండి. మొదట్లో పేడ కాస్త పల్చబడితే మామూలే, మేత మానేస్తే ఆపి పశువైద్యుడికి చూపించండి.

మిరప, పత్తి రెండింట్లోనూ దెబ్బతిన్నాను. జిగురు కోసం గోరుచిక్కుడు వేస్తే మొత్తం మేమే కొంటామని ఒకాయన విత్తనాలు అమ్ముతున్నాడు. ఉన్న రెండెకరాలూ వేసేయమంటున్నాడు. ఇంట్లో భయపడుతున్నారు. — రైతు, గురజాల

మీ పరిస్థితి చదివి మనసు బరువెక్కింది. పంట మంచిదే. తక్కువ నీటితో, సుమారు మూడు నెలల్లో చేతికొస్తుంది, పప్పుజాతి కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. కానీ నల్లరేగడిలో నీరు నిలిస్తే తట్టుకోదు, గింజ ముదిరే వేళ వానలు పడితే నల్లబడి ధర పడిపోతుంది. ప్రపంచంలోని గ్వార్‌లో ఎక్కువ భాగం మన దేశానిదే, దానిలోనూ సింహభాగం రాజస్థాన్‌ది. మిల్లులు కూడా జోధ్‌పూర్ చుట్టుపక్కలే ఎక్కువ. 2012 నాటి ధర చూపించి ఎవరైనా ఆశ పెడితే, ఆ ధర తర్వాత కుప్పకూలిన సంగతి కూడా చెప్పమనండి.

కూరకు వేసే పూసా నవబహార్ వేరు, గింజకు వేసే హెచ్‌జీ-365, ఆర్‌జీసీ-936 వేరు. ఆయన అమ్మేది ఏ రకమో బస్తా మీద చూడండి. ఏ మిల్లు, ఏ ధరకు, ఎక్కడ తూకం వేసి కొంటుందో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే విత్తనానికి డబ్బు కట్టకండి. గుంటూరు పక్కన లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మీ నేలకు సరిపోతుందో లేదో అడగండి. అంతా కుదిరితే ఈ ఖరీఫ్‌లో నీరు నిలవని చోట అర ఎకరం మాత్రమే వేసి, మిగతా నేలలో మీకు తెలిసిన కందిని ఉంచండి.